ఒదిలియా విప్పి చెప్పిన పాట

కొండమీది ఊరు తెకోల్పాలో ఎవరింట్లో పందిని కోసినా, ఎవరి గాడిద తప్పిపోయినా ఆ కబురు ఊరికి తెలిసేది ఒదిలియా గొంతులోనే. ఇంటి కప్పుమీద రెండు బాకా మైకులు, కింద గదిలో కుర్చీ వేసుకుని ఆవిడ. భర్త పోయాక అదే బతుకుతెరువు. గొంతు కంచు, నోరు అంతకంటే గట్టిది. సర్దుకుపోవడం ఆవిడకు చేతకాదు.

కబుర్ల మధ్యలో ఆవిడ కవిత్వం చదివేది. నగరంలో ఎవరో అమ్మాయి స్పానిష్‌లో రాసిన కవితను ఇంట్లో మాట్లాడుకునే నావా భాషలోకి తిప్పి, మొగుడు వదిలేసి పోయిన ఆడది గుమ్మంలో కూర్చుని తిట్టుకుంటున్నట్టు చదివేది. మాంసానికి వచ్చినవాళ్ళు ఫిదెన్సియో కొట్టు ముందే నిలబడిపోయేవాళ్ళు.

"వదినా, రేపు కూడా ఏడిపించేది ఒకటి చదువు. ఏడ్చినవాళ్ళు ఇంకో ముక్క ఎక్కువ కొంటున్నారు" అనేవాడు ఫిదెన్సియో.

వందల ఏళ్ళ నాటి పాటల్నీ అలాగే విప్పేది. పండగైపోయాక డప్పు ఎవరికి కావాలని పూర్వం ఏ రాజో పాడుకున్నది విని, మొక్కజొన్న ఒలుచుకుంటున్న ముసలమ్మలు "మా ఆయన పోయినప్పుడు నేనూ ఇదే అనుకున్నానే" అని ముక్కు చీదుకునేవాళ్ళు.

ఇది గిట్టనివాడు దోన్ ఎర్మీలో మాస్టారు. ఆ పాటల్లోని పాత నావాను అక్షరం అక్షరం ఒదిలియాకు నేర్పింది ఆయనే. ఆ సంగతి తలుచుకుంటేనే ఆయనకు ఒళ్ళు మండేది.

"పాట గుళ్ళో విగ్రహంలాంటిది. నువ్వు దాన్ని తెచ్చి పందిమాంసం పక్కన పెట్టావు" అన్నాడు ఒకసారి వీధిలో ఆపి.

"విగ్రహానికి నోరుంటే మూయడం దేనికి మాస్టారూ? మాట్లాడనివ్వండి."

"నీకు నేర్పిన నాకు బుద్ధి లేదు."

ఊరి దేవుడు శాన్ మిగెల్ పండగనాడు ఊరంతా కలిసి పాడే పాత పాట ఒకటుంది. తమ పూర్వీకుల పరాక్రమం అందులో ఉందని ఊరి నమ్మకం. మాటల అర్థం ఎవరికీ తెలియదు. తెలియకపోయినా పాడేటప్పుడు మగాళ్ళు టోపీలు తీసి గుండెకు ఆనించుకుంటారు. ఒదిలియాకు మాస్టారు మిగతా అంతా నేర్పి, చివరి రెండు చరణాలు మాత్రం "శిథిలమైపోయాయి, అర్థం లేదు" అని దాటేశాడు. ఆవిడ వాటిని వదల్లేదు. ఏళ్ళ తరబడి నమిలింది. ఆ ఏడు పండగ ముందురోజు సాయంత్రం, ఆవిరిమీద ఉడికించిన తమాలె పొట్లాల అమ్మకం కబురు చెప్పి, గొంతు సవరించుకుని, ఆ రెండు చరణాలూ విప్పి చదివింది.

*కొండమీది దొరల్లారా, కొత్త దుప్పట్లు కప్పుకున్నారే,*
*ఎవరికి ఏం అమ్మితే వచ్చాయవి?*
*మా ఇళ్ళు తగలబడుతుంటే చేతులు చాపి చలి కాచుకున్నారే,*
*ఒళ్ళు వెచ్చబడిందా అన్నల్లారా?*

అది పొగడ్త కాదు. తిట్టు. కింద లోయలోని ఊరిని పరాయివాళ్ళు కాల్చినప్పుడు, దారి చూపించిన తెకోల్పావాళ్ళను ఆ ఊరి ఆడవాళ్ళు దెప్పిన పాట. ఎలా వచ్చిందో ఇక్కడికి వచ్చి, ఇక్కడివాళ్ళ నోట్లోనే స్థిరపడిపోయింది.

మైకు ఆగిన కాసేపటికే ఆవిడ ఇంటి కప్పు రేకుల మీద మొదటి రాయి పడింది.

మర్నాడు పొద్దున్నే పంచాయతీ హాల్లోకి పిలిచారు. అందరికంటే ముందు లేచింది ఫిదెన్సియో.

"నీ మైకు లోయదాకా వినబడింది! కింది ఊరివాళ్ళు తెల్లారకముందే మాంసానికి వచ్చి, వెచ్చగా ఉందా అన్నా అని నవ్వి పోతున్నారు! నిన్ను ఎవరు అడిగారే ఇదంతా?"

"దమ్ముంటే నవ్వినవాళ్ళకి జవాబు చెప్పు. నామీదెందుకు అరుస్తావు?"

"మా తాతల్ని ద్రోహుల్ని చేశావు!"

"నేను చెయ్యలేదు. నువ్వే ఏటా టోపీ తీసి మరీ ఒప్పుకుంటున్నావు."

హాలంతా అరుపులు లేచాయి. ఎవరో ఆవిడ భుజం పట్టి వెనక్కి లాగారు. ఊరిపెద్ద బల్ల చరిచి, "మాస్టారూ, మీరే చెప్పండి. ఈవిడ చదివింది తప్పు కదా?" అన్నాడు.

ఎర్మీలో లేచి నిలబడ్డాడు.

"తప్పని చెప్పండి మాస్టారూ" అంది ఒదిలియా. "నేను పొరబడి ఉంటే అందరి ముందూ మీ కాళ్ళు పట్టుకుంటాను."

"తప్పు కాదు" అన్నాడాయన ఆవిడ వంక చూడకుండా. "నాకు మొదటినుంచీ తెలుసు. ఈ ఊరికి గర్వంగా పాడుకోవడానికి ఉన్నది అదొక్కటే. అందుకే చెప్పలేదు. ఈ మనిషికి ఊరిమీద ఆపాటి జాలి కూడా లేకపోయింది."

ఆవిడకు అన్ని తిట్లలోకీ అదే తగిలింది. కప్పుమీది బాకాలు మధ్యాహ్నానికల్లా దించేశారు. కబుర్ల పని ఫిదెన్సియో అల్లుడికి అప్పగించారు. మాస్టారికీ మేలు జరగలేదు. ఇన్నాళ్ళూ దాచినందుకు ఆయనకు నమస్కారం పెట్టేవాళ్ళు తగ్గిపోయారు.

పండగలో ఆ రెండు చరణాలు వచ్చేసరికి సగంమంది పెదవులు బిగించారు. మిగతావాళ్ళు కోపంతో ఇంకా గట్టిగా పాడారు. ఏమిటో తెలియనట్టు మాత్రం ఒక్కరూ పాడలేకపోయారు. గుంపు చివర ఒంటరిగా నిలబడి ఒదిలియా మొత్తం పాడింది.

తర్వాత ఆవిడ ఎండుమిర్చి బుట్ట పెట్టుకుని కింది ఊరి సంతకు దిగడం మొదలుపెట్టింది. అమ్ముతూ ఆ పాట చదివేది. అక్కడా ముద్దు చేసినవాళ్ళు లేరు.

"మా ముత్తవ్వల పాట మాకే నేర్పడానికి వచ్చావా, కొండదానివి?" అంది పక్కన టమాటాలమ్మే ఆవిడ.

"నీకు వస్తే నువ్వే పాడు. నేను మిర్చి అమ్ముకుంటా."

టమాటాల ఆవిడకు రాదు. మూతి తిప్పుకుంది కానీ బుట్ట దూరం జరుపుకోలేదు.

వానలు వెలిశాక ఒకరోజు సంతకు దిగే కాలిబాటలో ఎర్మీలో ఎదురుపడ్డాడు. ఒదిలియా పక్కకు ఒత్తిగిలింది. ఆయన దాటిపోయి, వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"రెండో చరణంలో ఒక క్రియ తప్పు చదివావు."

"ఏది?"

"చెప్పను."

"చెప్పి పోండి మాస్టారూ! ఇంత కక్షా!"

ఆయన కర్ర టకటకలాడించుకుంటూ మలుపు తిరిగిపోయాడు. ఆవిడ ఆయన్ని తిట్టుకుంటూనే బుట్ట దించి బాట పక్కన కూర్చుంది, ఒక్కొక్క మాటా పైకి అనుకుంటూ. ఆ రోజు సంత సగం అయ్యాక చేరింది. మిర్చి పరచకముందే టమాటాల ఆవిడను గట్టిగా అడిగింది.

"ఏమే, చలి కాచుకున్నారు అనాలా, చలి కాచుకుంటూ చూశారు అనాలా? మీ అవ్వ అయితే ఏమనేది?"

"చూశారనే అనేది" అంది ఆవిడ ఆలోచించకుండానే. "కాచుకుంటే ఏముంది? చూడటమే కదా పాపం."

"నీకేం తెలుసు" అని కసిరింది ఒదిలియా. ఆ మాటమీద ఇద్దరూ సంత ముగిసేదాకా పోట్లాడుకున్నారు.