సముద్రపు ఆవు, నా పిల్లాడు

దెయ్యాలు, పూనకాలు అంటే నాకు నవ్వే. ఆదివారం ప్రార్థన తప్ప ఇంకేదీ నమ్మే మనిషిని కాను. అందుకే ఇది ఎవరికైనా చెప్పాలంటే సిగ్గేస్తుంది.

కరోనా తగ్గిన ఏడాది ఇంటిపనికి అబుదాబి వెళ్ళాను. ఆ ఇల్లు నగరంలో కాదు, పడవెక్కి పోవాల్సిన ఒక దీవిలో. రాజోలు దగ్గర మా ఊళ్ళో, ఇంకా పాలు తాగే పిల్లాడిని అమ్మ దగ్గర వదిలాను. బయలుదేరే ముందు అమ్మ నా రొమ్ములకి మల్లెపూలు కట్టి పాలు ఇంకిపోయేలా చేసింది. మా వైపు అలాగే చేస్తారు. కొన్నాళ్ళకి చుక్క కూడా లేదు.

నా పని ఆ ఇంటి పెద్దావిడని చూసుకోవడం. సాయంత్రాలు చక్రాల కుర్చీలో ఒడ్డుకి తీసుకెళ్ళేదాన్ని. అక్కడ కొత్తగా సముద్రపు ఆవు విగ్రహం పెట్టారు. ఆవంటారు గానీ కొమ్ముల్లేవు, కాళ్ళు లేవు, తోకేమో చేపది. పిల్లని మాత్రం మనలాగే గుండెకి హత్తుకుని పాలు పడుతోంది.

పెద్దావిడ తనకొచ్చిన హిందీలో దాని కథ చెప్పింది. అది ఒకప్పుడు ఆడమనిషేనట. స్నానానికి దిగి కెరటాల్లో కొట్టుకుపోయింది, ఒడ్డున ఏడుస్తున్న బిడ్డని అందుకోలేకపోయింది. ఇప్పటికీ ఎక్కడ బిడ్డ ఏడ్చినా అటు వెళ్తుందట. నేను లోలోపల నవ్వుకున్నాను.

తర్వాత ఊళ్ళో మా పిల్లాడికి జ్వరం పట్టుకుందని అమ్మ ఫోన్ చేసింది. సూది వేయించినా తగ్గలేదు. సీసా నోట పెడితే తోసేస్తున్నాడట, గుటక మింగడం లేదట. సెలవు అడిగేలోపే గాలి పెరిగి పడవలు ఆగిపోయాయి. ప్రాణం ఉగ్గబట్టుకుని పనిచేశాను.

గాలి కాస్త తగ్గిన సాయంత్రం మళ్ళీ ఒడ్డుకి వెళ్ళాం. ఏం తోచక ఆ విగ్రహంలోని పిల్ల తలమీద చెయ్యి వేశాను. ఎండకి వెచ్చగా ఉంది. జ్వరమొచ్చిన మా వాడి నుదురు గుర్తొచ్చి ఏడ్చేశాను. చూసుకుంటే గౌను ముందంతా తడి. పాలు!

పెద్దావిడ చూసింది. తన ఒళ్ళో ఉన్న శాలువా తీసి నాకిచ్చింది. "ఖలాస్, మత్ రో" అంది, ఇక చాలు ఏడవకు అని.

ఇంటికొచ్చి ఫోన్ చేశాను. అమ్మ గొంతు వింతగా ఉంది.

"జ్వరం దిగిందే, హాయిగా పడుకున్నాడు. మూతి నిండా పాల చారలే. నేనేం పట్టలేదే తల్లీ, సీసా పెట్టింది పెట్టినట్టే ఉంది. ముద్దు పెట్టుకుంటే ఉప్పగా ఉన్నాడేంటే?"

పాలు అలా తిరిగి రావచ్చని తర్వాత ఒక డాక్టరమ్మ చెప్పింది. ఉప్పు చెమటది కావచ్చు. మరి మూతిమీద పాలు? పిల్లతల్లి ఎవరైనా పట్టిందేమోనని వీధంతా అడిగించాను. ఎవరూ పట్టలేదు.

రెండేళ్ళకి సెలవు మీద ఇంటికి వెళ్ళాను. ఫోన్‌లో తప్ప నన్నెరగని పిల్లాడు, ఏ బెరుకూ లేకుండా వచ్చి నా ఒళ్ళో పడుకున్నాడు. అమ్మ సంబరపడిపోయింది. నాకు సంతోషమూ వేసింది, భయమూ వేసింది. వాడు గుర్తుపట్టింది నన్నేనా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.