బోటి గిల్మెత్ మొదటి చావు

త్రువా పట్టణంలో కసాయివీధి వాసన తెలియని ముక్కు లేదు. ఆ వాసనలో సగం వాటా గిల్మెత్‌దే. పంది పేగులు కాలవ నీళ్లలో కడిగి, సన్నగా తరిగి, ఉల్లీ మిరియాలూ కలిపి, మళ్లీ పేగులోనే కూరి ఉడికించి, వీధిలో ఒక రాతిబండ మీద పెట్టి అమ్మేది. మొగుడు తాగి తాగి పోయాడు. కొడుకు గాస్పార్‌ని చంకన వేసుకునే వ్యాపారం చేసింది. దేవతేమీ కాదు. పక్క బండ మీద అమ్ముకునే ఆడమనిషిని సూటిపోటి మాటలతో పొడిచి పొడిచి దుకాణం ఎత్తించింది, ఆ ఆనందంలో చర్చికి పోయి కొవ్వొత్తి కూడా వెలిగించింది.

కొడుకుని మాత్రం పేగుల మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. నారబట్టల వర్తకుడి దగ్గర పనికి పెట్టింది. వాడు ఆ వర్తకుడి వ్యాపారాన్నీ, తర్వాత ఆయన కూతుర్నీ దక్కించుకున్నాడు. ఆ పిల్ల సబీన్ అనే ఆడబిడ్డను కని కన్నుమూసింది. బట్టల్లో కలిసొచ్చిన డబ్బుతో గాస్పార్ రాజుగారి కొలువులో ఒక పదవి కొనుక్కున్నాడు. ఆ పదవిలో పనేమీ ఉండదు, కొన్నవాడు దొర అవుతాడు, అంతే. అయితే ఆ దొరతనానికో తెగులుంది. ఇంట్లోవాళ్లు ఎవరైనా బజార్లో కూర్చుని సరుకు అమ్మారంటే అది ఊడిపోతుంది. అందుకని గిల్మెత్ బండ మూయించి, తల్లిని ఇంటికి తెచ్చుకున్నాడు. చేతుల వాసన పోవడానికి ఆవిడకు నారింజపూల నీళ్లు తెప్పించాడు. వాసన పోలేదు.

సబీన్‌కు పెళ్లీడు వచ్చింది. వెర్నోయ్ దొరసాని తన కొడుక్కి ఆ పిల్లను అడిగింది. ఆవిడది ఏడు తరాల దొరతనం, ఇంటి పైకప్పు మాత్రం చిల్లులు. ఇక్కడ గాస్పార్ బుర్ర పనిచేసింది. తన తల్లి గొప్పింటి ఆడపడుచనీ, లోకం మీద విరక్తితో లోరెన్ కొండల్లో కన్యాస్త్రీల మఠంలో ఉంటోందనీ దొరసానికి చెప్పాడు. తల్లికి వంటింట్లో నచ్చజెప్పాడు. పెళ్లి ఒప్పందం మీద సంతకాలయ్యేదాకా ఈ ఇంట్లో వంటమనిషిలా ఉండాలి. తర్వాత పట్టుగౌను తొడిగించి, మఠం నుంచి వచ్చిందని బండిలోంచి దింపుతాడు. పెళ్లినాడు సబీన్ ఆవిడ ముందు మోకరిల్లి దీవెన తీసుకుంటుంది.

ఆ దీవెన మాటకే గిల్మెత్ పడిపోయింది. జన్మంతా బజారు తిట్లు తిట్టిన నోటితో, నలుగురి మధ్య మనవరాలి తలమీద చెయ్యి పెట్టి ఒక్క మంచిమాట అనాలని ఆవిడ ఆశ. అందుకోసం గంజి పెట్టిన తెల్ల ఏప్రన్ కట్టుకుంది. అతిథుల ముందు సబీన్ ఆవిడను "ముసలీ" అని పిలిచేది. మొదట్లో అతిథులు పోయాక వచ్చి క్షమాపణ అడిగేది. తర్వాత అతిథులు లేనప్పుడు కూడా ముసలీ అనే పిలిచింది. పిలుపు నోటికి బాగానే పట్టింది మరి.

దొరసాని భోజనానికి వచ్చిన రోజున గిల్మెత్ తన పేగుల వంటకం పళ్లెం పట్టుకుని లోపలికి వచ్చేసరికి మాట మఠం దాకా వచ్చింది. ఏ మఠం అని దొరసాని అడిగింది. గాస్పార్ నోటికొచ్చిన పేరొకటి చెప్పాడు. నిన్నటిదాకా నార కొలిచినవాడికేం తెలుసు, దొరలందరికీ ప్రతి మఠంలోనూ ఒక మేనత్తో పినతల్లో ఉంటుందని? ఆ మఠాన్ని నడిపే పెద్ద కన్యాస్త్రీ తన సొంత పినతల్లేనని దొరసాని సంబరపడింది. రేపే ఉత్తరం రాసి మీ అమ్మగారి క్షేమం కనుక్కుంటానంది.

గాస్పార్ మొహంలో నెత్తురు చుక్క లేదు. తల్లి ఎదురుగా పళ్లెంతో నిలబడి ఉంది. ఆవిడ మీదనుంచి చూపు పక్కకు తిప్పుకుని అన్నాడు, "కష్టపడకండి దొరసానీ. ఆమె పోయింది. ఇంటికి రావాలని బయల్దేరి దారిలో ఉండగానే పోయిందని మొన్ననే కబురొచ్చింది."

గిల్మెత్ పళ్లెం బల్లమీద పెట్టింది. దొరసాని కళ్లు తుడుచుకుని, దొరింట దుఃఖాన్ని దొరల పద్ధతిలోనే తీర్చాలంది. పెళ్లికి ముందే చర్చిలో పెద్ద పూజ చేయించాలి, ఖాళీ శవపేటిక పెట్టాలి, దాని చుట్టూ నల్లదుప్పట్లు కప్పుకుని కొవ్వొత్తులతో పేద ముసలమ్మలు నిలబడాలి. కొడుకు తన చేత్తో వాళ్లకు రొట్టెలు పంచాలి. అన్నీ చెప్పి, ఆ పేగుల వంటకం రెండోసారి వడ్డించుకుంది.

అతిథులు వెళ్లాక గిల్మెత్ కొడుకుని నిలదీసింది. "నన్ను చంపడానికి నీకు నోరెలా వచ్చిందిరా?"

"మాట జారిందమ్మా. ఇప్పుడేమైందని? పోయావన్నాను గానీ ఎక్కడికి పోయావు? ఇక్కడే ఉంటావు. తిండికి లోటా, పడకకు లోటా?"

కబురు తప్పని చెప్పెయ్యి, దూరపు కబుర్లు తప్పడం లోకంలో లేనిదా, అని ఆవిడ బతిమాలింది. ఎవరినీ బతిమాలి ఎరగని మనిషి. పూజ జరగకముందు ఎప్పుడైనా చెప్పొచ్చు, జరిగాక మాత్రం చచ్చినదాన్ని ఎవరూ బండిలోంచి దింపలేరు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. చూస్తానన్నాడు గాస్పార్.

పూజనాటి పొద్దున ముసలమ్మల్లో ఒకతి జ్వరంతో రాలేదు. లెక్క తగ్గితే అరిష్టమని దొరసాని నసిగింది. సబీన్ తన ముసుగు సర్దుకుంటూ, మా వంటముసలి ఉందిగా, అంది. ఎవరో గిల్మెత్ భుజాల మీద నల్లదుప్పటి వేశారు, చేతిలో కొవ్వొత్తి పెట్టారు. అలా బోటి గిల్మెత్ తన శవపేటిక పక్కన తానే నిలబడింది.

గంటలు మోగాయి. చర్చి గురువు ఆమె పేరు చదివాడు. ముందు గొప్పింటి బిరుదు, తర్వాత ఆమె ఎరగని ఇంటిపేరు. చివర్లో గిల్మెత్ అన్నది మాత్రం ఆమెదే. ఇంకా ఆశ చావలేదు. వాడు ఆపుతాడు, ఇప్పుడు ఆపుతాడు, అని కొడుకు వీపునే చూస్తూ ఉంది.

వాడు రొట్టెల బుట్టతో వరసగా వచ్చాడు. ఒక్కొక్కరూ రొట్టె అందుకుని ఆనవాయితీ ప్రకారం అనవలసిన మాట అన్నారు. గిల్మెత్ దగ్గరికి వచ్చి రొట్టె చాచాడు. ఆవిడ దాన్ని పట్టుకుంది గానీ లాక్కోలేదు. ఇద్దరి చేతులూ రొట్టె మీదే ఉన్నాయి.

"అనమ్మా," అన్నాడు పెదవి కదపకుండా. "అందరూ చూస్తున్నారు."

అప్పుడు ఆవిడ బజారు గొంతుతో, చివరి వరసకు వినిపించేలా అంది, "మీ అమ్మ ఆత్మకు దేవుడు శాంతినిచ్చుగాక, దొరగారూ."

గాస్పార్ ఊపిరి వదిలాడు. హమ్మయ్య అనుకున్నట్టు భుజాలు దిగాయి. అంత దగ్గర్నుంచి తల్లికి అది కనబడకుండా ఎలా ఉంటుంది? తిట్టినా, తన్నినా ఆవిడ ఓర్చుకునేదేమో. ఆ నిట్టూర్పును ఓర్చుకోలేకపోయింది.

మళ్లీ ఆ ఇంటికి పోలేదు. కసాయివీధికి పోయి పాత బండ అడిగి తీసుకుంది. చచ్చినమనిషి ఏం అమ్మినా ఎవరి దొరతనమూ ఊడదు కదా. వీధి వీధంతా పండగ చేసుకుంది. ఆడవాళ్లు ఆవిణ్ణి చూసి సిలువ గుర్తు వేసుకుని, దయ్యాలు కూడా మిరియాలు ఎక్కువే వేస్తాయని నవ్వారు. ఒకప్పుడు ఆవిడ ఏడిపించిన పక్క బండ మనిషి అందరికంటే గట్టిగా నవ్వింది. సబీన్ పెళ్లి జరిగింది. దీవించడానికి వెర్నోయ్ దొరసాని ఉంది.

రెండు చలికాలాలు గడిచాక గిల్మెత్ ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. బీదల ఆసుపత్రిలో పడేశారు. చూసుకునే కన్యాస్త్రీ, నీవాళ్లెవరని అడిగితే, ఎవరూ లేరంది. కొడుకున్న సంగతి వీధివాళ్లు చెప్పేశారు. ఆ కన్యాస్త్రీ, పిచ్చితల్లి, పాపం మంచులో నడిచి గాస్పార్ ఇంటికి వెళ్లింది. వద్దని గిల్మెత్ అనలేదు. కన్యాస్త్రీ తిరిగొచ్చేదాకా ఆవిడ తలుపు వంకే చూస్తూ పడుకుంది, జుట్టు కూడా సవరించుకుంది.

కన్యాస్త్రీ వచ్చి మంచం పక్కన కూర్చుంది. "జనం పొరపాటు పడ్డారమ్మా. ఆయన తల్లి ఎప్పుడో పోయిందట. అతిథుల ముందే చెప్పారు."

చెప్పేటప్పుడు ఏడ్చాడా, అని గిల్మెత్ అడిగింది.

"ఏడవలేదు. కానీ తల్లి మాట ఎత్తగానే టోపీ తీశారు."

"మర్యాద బాగా నేర్చుకున్నాడు," అని గిల్మెత్ గోడవైపు తిరిగి పడుకుంది.