ఆకలి మాట ఎత్తకు

ధాత కరువు నాటికి ఉదయగిరిలో మా ఇంటి అరుగే వీధిబడి, నేనే అయ్యవారిని. పిల్లలచేత ఓనమాలు దిద్దించడం ఒక పని. కొలువు కోసం అధికారి ముందు నిలబడబోయే పెద్దవాళ్లను తయారు చేయడం ఇంకో పని. ఈ రెండోదాంట్లో నా అంతవాడు చుట్టుపక్కల లేడని నాకు మహా పొగరు.

ఆ ఏడు ఆత్మకూరులో కరువు పనులకు గుమాస్తా కావాలని చాటింపు వేశారు. చెరువు మట్టి మోసేవాళ్ల పేర్లు రాసే పని. మా వీధి చివరింటి విధవరాలి కొడుకు, ఇరవై ఏళ్లవాడు, వచ్చి నా కాళ్లు పట్టుకున్నాడు. వాడి అక్షరాలు ముత్యాలే. కానీ ఆ ఇంట్లో పొయ్యి వెలిగి నెల దాటింది. సర్కారు గంజి ముసలితల్లికే పోసేవారు. ఆ ముంతెడు గంజే ఇద్దరూ తాగేవారు. ఈ కొలువు దొరికితేనే వాళ్లు బతుకుతారు.

"రాసేది తరవాత, ముందు నిలబడేది నేర్చుకోరా" అన్నాను.

నేను అధికారినై అరుగు మీద కూర్చునేవాణ్ణి. వాడు ఉత్తరీయం నడుముకు చుట్టుకుని, చేతులు కట్టుకుని ఎండలో నిలబడాలి. నా పాఠంలో మొదటిది, ఆకలి మాట ఎత్తకూడదు. ఏడుపు మొహానికి కొలువెవడిస్తాడు?

"ఏమన్నా తిన్నావా?"

"నిన్నట్నించి ఏమీ లేదయ్యా."

చింతబరికె పిక్కల మీద పడేది.

పదిరోజులు ఇదే వరస. ఆఖరి రోజు వాడి ఎదుటే రాగిసంగటి ముద్దలు మింగుతూ అడిగాను. వాడు గుటక వేశాడు గానీ మాట చెదరలేదు. "తమ దయవల్ల భోంచేసినానయ్యా."

భేష్ అన్నాను. ఒక్క ముద్ద కూడా పెట్టలేదు. పెడితే సాధన చెడుతుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి నా పిసినారితనం.

రెండు రోజులు నడిచి ఆత్మకూరు చేరాం. శిష్యుడి గెలుపు కళ్లారా చూడాలని నేనూ వెళ్లాను. అధికారి రాత చూసి తలాడించాడు. తరువాత వాడి డొక్కల వంక చూశాడు.

"ఇంట్లో తిండి ఉండాదా? నువ్వు తిన్నావా?"

"తమ దయవల్ల భోంచేసినాను దొరా. మా అమ్మా తినింది. ఏ లోటూ లేదు."

"లోటు లేనోడికి ఈ పనెందుకు? తిండి లేనోళ్ల కోసం పెట్టినాము ఇది."

వాడు తల తిప్పి, గుమ్మం దగ్గరున్న నన్ను చూశాడు. అది నేను నేర్పిన అబద్ధమని నేనొక్క మాట అంటే చాలు. నా పేరు పోతుందని నేల చూపులు చూశాను. వాడి తరువాత వచ్చిన సంగం ఊరి మనిషికి గీత తిన్నగా గీయడం రాదు. మూడు రోజులుగా పస్తని భోరుమన్నాడు, కొలువు అతనికిచ్చారు. పైగా అధికారి ఉదయగిరి పట్టీ తెప్పించి, గంజి తాగేవాళ్లలోంచి తల్లి పేరు కొట్టేయించాడు.

ఊరు చేరిన నాలుగో నాడు ఆ తల్లి ఖాళీ ముంత పట్టుకుని మా అరుగు దగ్గరికి వచ్చింది. కొడుకు వెనక నిలబడ్డాడు.

"అయ్యవారూ, నా బిడ్డ ఏం తప్పు చెప్పినాడు?"

"ఒక్క తప్పూ చెప్పలేదమ్మా" అన్నాను.

సిగ్గుతో చచ్చిపోయాను. ఏం చేయాలో తోచక వాణ్ణి అడిగాను. "ఏమన్నా తిన్నావురా?"

వాడు నిటారుగా నిలబడి చేతులు కట్టుకున్నాడు. "తమ దయవల్ల భోంచేసినానయ్యా."

లోపల కుండలో సంగటి ఉంది. వాడి మాట నమ్మినట్టే తలాడించి, ఇంట్లోకి పోయి తలుపు వేసుకున్నాను.