కరీం గ్లాసు

నిన్న ఇక్కడ అమెరికాలో, ట్రాయ్‌లో మా వీధివాళ్ళం ఇంటికో వంట తెచ్చుకుని పాట్‌లక్ పెట్టుకున్నాం. పోలిష్, మెక్సికన్, బంగ్లాదేశీ వంటలన్నీ ఒకే వరుసలో ఉన్నాయి. మా వీధిలోని తెలుగు తమ్ముడు శ్రీనివాస్ మాత్రం తను తెచ్చిన పులిహోర కోసం దూరంగా వేరే బల్ల వేశాడు.

"మనోళ్ళది సెపరేట్‌గా ఉండనీ అన్నా. అందరూ చేతులు పెడ్తరు."

నాకు ఒళ్ళు మండింది. మన ఇళ్ళ వసారా గూట్లో బోర్లించి ఉండే సొట్టల గ్లాసు గుర్తుందా మిత్రులారా? మా ఇంట్లో అది నా దోస్తు కరీంది. వాడే తాగి, వాడే కడిగి పెట్టేవాడు. దాన్ని ఆచారమన్నాం, అది అంటరానితనమే! అప్పుడు నేను నోరెత్తలేదు.

నిన్న ఎత్తాను. "పట్టు తమ్ముడూ, బల్ల ఆ వరుసలోకి జరుపుదాం!"

"నీతోని లొల్లేందన్నా!" అంటూనే పట్టాడు.

పావుగంటలో పులిహోర ఖాళీ! ఇంకో గిన్నె తేవడానికి శ్రీనివాసే ఇంటికి పరుగెత్తాడు.