అరుగు మీద చదివిన అంగీకార పత్రం

ఆన్‌లైన్ ఏజెన్సీల ద్వారా ఫొటోలు అమ్మి సంపాదించడం ఎలాగో చెప్పే వీడియోలు చాలా ఉన్నాయి. తెలుగులో పుస్తకం మాత్రం నాకు దొరకలేదు. ఏలూరు గ్రంథాలయంలో బీరువాలన్నీ వెతికినదాన్ని కనుక ధైర్యంగానే చెబుతున్నాను. వీడియోల్లో వెలుతురు గురించీ లెన్సుల గురించీ చెబుతారు. ఫొటోలో ఉన్న మనిషిని ఎలా అడగాలో చెప్పరు. అది నాకు నేర్పింది కొల్లేటి లంకలో ఒక మామ్మగారు. ఆ సంగతి ఎక్కడో ఒకచోట అచ్చులో ఉండాలి.

నేను ఇంటర్‌తో కాలేజీ మానేశాను. మిగతా చదువంతా గ్రంథాలయం బల్లల దగ్గరే. పెళ్ళయి తాడేపల్లిగూడెం వచ్చాక మావారి ఉల్లిపాయల కొట్టే నాకు స్టూడియో అయింది. తెల్ల పంచె పరిచి, దాని మీద ఒక్క ఉల్లిపాయ పెట్టి తీసిన ఫొటో అన్నిటికన్నా ముందు అమ్ముడుపోయింది. ఏజెన్సీలో పెట్టిన ఫొటోను ఏ దేశంవారైనా డబ్బు కట్టి వాడుకోవచ్చు, అందులో కొంత మనకు వస్తుంది. అదే ఫొటోను మరొకరూ కొనుక్కోవచ్చు.

"నేను బస్తాలకు బస్తాలు తూస్తే గాని గిట్టదు. నువ్వేమో ఒక్క పాయని పదిమందికి అమ్మి, సాయంత్రం దాన్నే పులుసులో వేశావు!" అన్నారు మావారు.

"పులుసు బాగుందా లేదా, అది చెప్పండి."

"బాగుంది. ఇంకో పాయ అమ్ము."

ఆ ఉత్సాహంతోనే కొల్లేరు వెళ్ళాను. రేవులో మామ్మగారు తాటిదోనెను గెడతో తోసుకుంటూ వస్తున్నారు. కెమెరా చూసి ఫక్కున నవ్వారు. ఆ నవ్వును తీశాను. ఇప్పటికీ అంతకంటే మంచి ఫొటో నా చేత కాలేదు. ఏజెన్సీ దాన్ని తిప్పి పంపింది. ముఖం గుర్తుపట్టేలా ఉంటే ఆ మనిషి సంతకం చేసిన అంగీకార పత్రం జతచేయాలట. ఎలాగైనా ఆ ఫొటోను లోకానికి చూపించాలని పట్టుదల వచ్చింది. ఇంగ్లీషులో ఉన్న ఆ పత్రాన్ని నిఘంటువు దగ్గర పెట్టుకుని నేనే తెలుగు చేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మళ్ళీ వెళ్ళినప్పుడు మామ్మగారు ఇంట్లోకి పిలిచి, మజ్జిగ ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఆవిడ సంతకం చేయలేరేమోనని ముందుచూపుగా తెచ్చిన వేలిముద్రల సిరా డబ్బా సంచిలోంచి తీశాను. ఆవిడ ముఖంలో నవ్వు పోయింది.

"ఆ డబ్బా గుమ్మం బయట పెట్టమ్మా," అన్నారు.

అప్పుడు చెప్పారు. చాలా ఏళ్ళ కిందట ఎవరో ఇలాగే ఇంట్లో కూర్చుని, కబుర్లు చెప్పి, కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారట. చేపల చెరువులో ఆవిడ వాటా దానితో పోయింది. అప్పటినుంచి ఆ ఊళ్ళో ఏ కాగితమైనా రేవు పక్కన అరుగు మీద అందరూ వినేలా చదవాల్సిందే. అలా చదవందే ఎవరూ చెయ్యి పెట్టరు. నేనూ సరిగ్గా ఆనాడు వేలిముద్ర వేయించుకున్న మనిషి చేసినట్టే చేశాను.

"అయితే అరుగు మీదే చదువుతానండి," అన్నాను.

సాయంత్రం పడవలు వచ్చాక చదివాను. "ఈ ఫొటోను ఏ దేశంలోనైనా, ఏ అవసరానికైనా, ఎంతకాలమైనా వాడుకోవడానికి సమ్మతిస్తున్నాను."

"ఎంతకాలమైనా అంటే, నేను పోయాక కూడానా?"

"అవునండీ."

"మోకాళ్ళ నొప్పుల నూనెకి నీ బొమ్మేత్తారు మామ్మా!" అన్నాడు చేపలు తూచే ఆయన.

"నా మోకాళ్ళకేవొచ్చిందిరా సచ్చినోడా! పొద్దున్నించీ గెడేసింది మీ తాతా?"

అరుగంతా నవ్వింది. ఆవిడ మాత్రం నా వైపు తిరిగారు. "కొల్లేరు ఆక్రమించినోళ్ళు వీళ్ళేనని రాసి, పక్కన నా మొకం ఏత్తే?"

అలా వేయకూడదని నిబంధన ఉందన్నాను. ఉందిగాని, ఎవరు కొంటారో, ఏం రాస్తారో నాకు కనబడదు. ఆ మాటా దాచకుండా చెప్పాను. చెప్పేటప్పుడే నా ఫొటో పోయిందని తెలిసిపోయింది.

"అయితే వొద్దమ్మా. మొకం నా దగ్గరే ఉండనీ."

"అలాగేనండి," అన్నాను. కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. నా గొంతు ఎలా వినిపించిందో గాని, ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు.

"ఇంత దూరం వొచ్చావు. వీపు తీసుకో. వీపుకి కాగితాలక్కర్లేదుగా?"

"అక్కర్లేదండి. మీరు ఒప్పుకుంటే చాలు."

"ఒప్పుకున్నాను. అందరూ విన్నారు," అని లేచి దోనె ఎక్కారు.

నవ్వుతున్న ఫొటోను పెద్దగా అచ్చు వేయించి, చట్రం కట్టించి ఇచ్చాను. అది వాళ్ళింటి గోడకే ఉంది. దోనె మీద నీళ్ళలోకి వెళ్తున్న ఆ వీపు మాత్రం ఏజెన్సీలో ఉంది, అప్పుడప్పుడూ అమ్ముడవుతుంది.

మామ్మగారికీ, అరుగు మీద ఓపిగ్గా విన్నవారికీ, నాకు నిఘంటువు ఎరువిచ్చిన గ్రంథాలయం మేడంగారికీ, మావారికీ నమస్కారాలు. పేర్లతో సహా రాయాలనే అనుకున్నాను. కానీ ఈ కాగితాన్ని అరుగు మీద ఇంకా చదవలేదు.