ఖల్లివల్లి చొక్కా

దోహాలో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ వైపు ఒక దర్జీ దుకాణంలో నేను కటింగ్ మాస్టర్‌గా ఉన్న రోజులవి. గ్యాసు పుణ్యమా అని ఎటు చూసినా క్రేన్లే. మేం కుట్టేవి ఆడవాళ్లు పైన వేసుకునే నల్ల అబాయాలు. బాగుచేసేవి మాత్రం ఎక్కువగా కవరాళ్లు, అంటే కూలీలు మెడ నుంచి మడమ దాకా తొడుక్కునే నీలం డ్యూటీ బట్టలు. వీపు మీద కంపెనీ పేరు ఉంటుంది.

నా గదిలో ఉండే అన్న మా జగిత్యాల దిక్కువాడే. కఫీల్‌ను, అంటే వీసా ఇచ్చిన యజమానిని వదిలి, ఎక్కడ పని దొరికితే అక్కడ చేసుకునేవాడు. అలాంటివాళ్లను మనవాళ్లు ఖల్లివల్లి అంటారు. అరబ్బీలో ఆ మాటకు ‘పోనీ, వదిలెయ్’ అని అర్థం. అన్న దగ్గర మూడు కంపెనీల కవరాళ్లుండేవి, ఒక్క కంపెనీలోనూ అతని పేరు లేదు. ఏ సైట్‌కు పోతే ఆ సైట్ బట్ట. గుంపులో కలిసిపోతే పోలీసులు పతాక అడగరు. పతాక అంటే ఇక్కడి గుర్తింపు కార్డు. అది లేకుండా దొరికితే జైలు, ఆపైన విమానం, మళ్లీ రాకుండా వేలిముద్రలు.

ఒక సాయంత్రం ఒక అమెరికా ఇంజినీరు పాత ఫొటో తెచ్చాడు. అందులో అతని ముత్తాత తండ్రి, నడుముకు రెండు పిస్తోళ్లు. ఆయన వేసుకున్న చొక్కా లాంటిదే తనకూ కావాలన్నాడు. కొలతలు లేవు. ఫొటోలోని గుండీ అరంగుళం అనుకుని లెక్కగట్టాను: జేబు వెడల్పు పదకొండు గుండీలు, మెడ కోత దాదాపు పొట్టదాకా.

తన ముక్కల హిందీలో అతను చెప్పింది ఇది. వాళ్ల దేశం రెండుగా చీలి కొట్టుకున్నప్పుడు, దక్షిణం వైపు కొందరు పటాలంలో చేరకుండా సొంతంగా గుర్రాలెక్కి దాడులు చేసేవారు. యూనిఫాం ఇచ్చే దిక్కు లేదు. ఇంటి ఆడవాళ్లే చొక్కాలు కుట్టి, జేబుల మీద పూలు అల్లేవారు. లోపల తూటాలు. పైన మాత్రం శత్రువు నుంచి లాక్కున్న నీలం కోటు. ఆ కోటుతో పట్టుబడితే విచారణ లేదు, కాల్చేయడమే.

గుండీ వేయించుకోవడానికి కూర్చున్న అన్నకు ఇదంతా తెలుగులో చెప్పాను.

“అంటే గీళ్లు అమెరికా ఖల్లివల్లోళ్లు,” అని నవ్వాడు. “ఎవరి దిక్కు కొట్లాడిన్రు తమ్మీ?”

అడిగాను. ఇంజినీరు ఫొటోను బల్ల మీద బోర్లించాడు. బానిసల్ని పెట్టుకున్నవాళ్ల వైపు అన్నాడు.

“అయితే మనోళ్లు కాదు తియ్. కఫీలు దిక్కోళ్లు.”

ఆ మాట ఇంజినీరుకు చెప్పలేదు.

ముందు గోధుమరంగు గుడ్డతో మచ్చుకు ఒకటి కుట్టాను. దారం రంగు చూడటానికి జేబుకో ఎర్రపువ్వు వేయించాను. గుండీ లెక్కతో ఛాతీ ముప్పై ఎనిమిది వచ్చింది. ముత్తాత తండ్రి బక్కమనిషి, ఇంజినీరు నలభై ఆరు. అన్న ముప్పై ఎనిమిదే, మచ్చు అతనికిచ్చేశాను.

“రొట్టె, ఫోను, బీడీలు అన్ని వడుతున్నయ్,” అని రోజూ కవరాల్ లోపల అదే తొడిగేవాడు.

అల్ అజీజియాలో విల్లాలు కట్టేచోట చెకింగ్ జరిగిన సంగతి జైలు నుంచి అతనే ఫోన్ చేసి చెప్పాడు.

“జీపు కనవడంగనే కవరాల్ ఇప్పి సిమెంటు బస్తల ఎన్క వారేసిన.”

“ఎందుకిప్పినవన్నా? అది ఉంటే అడగకపోదురు గదనే!”

“నువ్వే చెప్తివి గద. పరాయి కోటుతోని దొర్కితే కాలుస్తరని. ఆ గడియల గదే యాదికొచ్చింది. దొరికితే మన అంగితోనే దొరుకుదామనుకున్న.”

“ఆ తర్వాత ఏమైందన్నా?”

“అందరు నీలం బట్టలల్ల, నేనొక్కన్ని పూల అంగిల. పోలీసు సీదా నా తానికే వచ్చిండు. పువ్వును ఏలుతోని పొడిచి, యల్లా, నడువ్ అన్నడు.”

ఇంజినీరు వచ్చి తన చొక్కా తీసుకున్నాడు. అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకున్నాడు. మచ్చు చొక్కా ఉంటే దాచుకుంటానన్నాడు. పాడైపోయిందన్నాను.

అన్నను ఒంటి మీది బట్టలతోనే విమానం ఎక్కించారు. ఇంటికి చేరాక మరోసారి ఫోన్ చేశాడు.

“మీ వదిన ఏమడిగిందో ఎర్కనా తమ్మీ? ఆమెకు గల్ఫంత దుబాయే గద. దుబాయ్ కంపెనీల గిట్లాంటి అంగీలిస్తరా అన్నది.”

“ఏం చెప్పినవన్నా?”

“ఆఁ, ఇస్తరని చెప్పిన. ఉత్కి దండెం మీద ఆరేసింది.”