డాక్టరమ్మను కుక్క దగ్గరికి రమ్మన్న సంగతి

ఆ రోజుల్లో మా వంశానికి మిగిలింది ఒక్క పరువే. కోటలాంటి మా గడి కూలింది, భూములు పోయాయి, ఆఖరికి తలుపులు కూడా ఎవరో పట్టుకుపోయారు. ఉన్న ఆ కాస్త పరువునూ సూట్‌కేసులో బట్టలతో పాటు సర్దుకుని యూనివర్సిటీ హాస్టల్లో దిగాను. మెస్సు లైన్లో నిలబడటం నామోషీ అనిపించి, అందరూ తిన్నాక వెళ్లి అడుగున మిగిలిన సాంబారు పోయించుకునేవాణ్ని. (అందరూ నన్ను 'దొర' అనేవారు. మొదటి ఏడాదంతా అది గౌరవమే అనుకున్నాను.) ఆ వేళకు అక్కడ నాకు తోడుండేది ఒక గోధుమరంగు కుక్క. దానికి బాద్షా అని పేరు పెట్టాను.

ఒక పొద్దున మరో వీధికుక్క బాద్షా మెడ కొరికింది. చూస్తే రెండు చిన్న రంధ్రాలు, అంతే. మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో కుక్కల మధ్య పెరిగిన నా రూమ్మేట్ వంగి చూసి, "దొరా, తార్నాకల కుక్కల డాక్టరమ్మ ఉన్నది. ఆటోల ఏస్కొని పోదాం పా" అన్నాడు. మా ఇంట్లో ఎవరూ డాక్టరు దగ్గరికి వెళ్లరు, డాక్టరే వస్తాడు. కాబట్టి క్లినిక్కుకు ఫోన్ చేసి, ఇంటిపేరు చెప్పి, సాయంత్రం అయిదింటికి హాస్టలుకు రావచ్చునని తెలియజేశాను. అవతల డాక్టరమ్మ, "మీరే తీసుకుని రండి బాబూ, ఇవాళే" అని పెట్టేసింది. ఆ అవమానం మింగలేక మా తాతగారి వేటకుక్కల వైద్యం మొదలుపెట్టాను. రంధ్రాల నిండా పసుపు కూరి, నా పట్టు కండువా చించి బిగించి కట్టాను.

రెండో రోజుకు గాయం మూసుకుంది. రూమ్మేట్‌ను పిలిచి మరీ చూపించాను. మూడో రోజు బాద్షా ముద్ద ముట్టలేదు. మెడ కింద పొద్దున నిమ్మకాయంత ఉన్న వాపు మధ్యాహ్నానికి బత్తాయంత అయింది. ఒళ్లు కాలిపోతోంది. కూర్చోలేక, పడుకోలేక అది వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతుంటే, దాని వెనకే నేనూ తిరిగాను. తిరిగి తిరిగి నా పాదాల మీద పడిపోయింది.

"పైన మూసుకున్నది గని లోపల చీము పట్టింది. నీ ఇజ్జత్ సల్లగుండ! కుక్క సస్తది, లేపు!" అని అరిచాడు రూమ్మేట్.

క్లినిక్‌లో మాకంటే ముందు అయిదుగురున్నారు. (అందులో ఒక చిలుక.) "కొంచెం మమ్మల్ని ముందు పోనివ్వండమ్మా, చచ్చిపోయేలా ఉంది" అని నేను ఒక్కొక్కరినీ బతిమాలాను. అందరికంటే ముందు చిలుకగలావిడ పక్కకు జరిగి దారిచ్చింది.

"పసుపు ఎవరు పెట్టారు?" అంది డాక్టరమ్మ, వెంట్రుకలు గొరుగుతూ.

"మా తాతగారి పద్ధతండీ."

"ఆయన్నే తీసుకురావాల్సింది! కాటు పైకి ఇంతే కనిపిస్తుంది, పన్ను లోపల చాలా దూరం పోతుంది. నీళ్లతో కడిగి, బిగించి కట్టకుండా ఆ రోజే తెస్తే సరిపోయేది. ఉత్త చేతులతో ముట్టారా? అయితే మీరూ వెళ్లి సూదులు వేయించుకోండి."

చీము అంతా తీశాక, రెండు గంటలకు తోక కొంచెం కదిలింది. "బతుకుతాడు" అందావిడ. అప్పుడు చీటీలు రాసే ఆవిడ వచ్చి, "కుక్క ఓనర్ ఎవరు?" అని అడిగింది. క్యాంపస్ కుక్కకు ఓనరెవరు? రూమ్మేట్ నా వైపు చూశాడు. గొంతు సవరించుకుని నా పూర్తి పేరు చెప్పాను. మా వంశంలో ఒక కాగితం మీద యజమాని అని రాయించుకున్న ఆఖరి మనిషిని నేనే. తప్పు రాస్తుందేమోనని ఇంటిపేరు రెండుసార్లు చెప్పిన అప్పటి నాలోని ఆ కుర్రాణ్ని తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది.